గొట్టంలో ఇసుక

ఆ ఉదయం రేపల్లె చేరేసరికి రామబ్రహ్మం చేతిలో ఉన్నవి ఒక టర్బో డీజిల్ కారు, దాన్ని కొంటానన్న మనిషి, సాయంత్రం దాకా గడువు. లేనిది ఒక్క గొట్టం. ఇంజను పక్కన నత్తగుల్లలా ఉండే టర్బో నుంచి పొగను కిందికి దించే గొట్టం తుప్పు పట్టి ఊడిపోయింది. తెనాలి నుంచి వచ్చినంత దూరమూ కారు లారీలా మొత్తుకుంది. పొగంతా లోపలికే కొట్టింది.

కొనే మనిషి బాపట్లలో ఉండే శేషగిరిరావు. అతను ఇంకో కారు కూడా చూసి పెట్టుకున్నాడు. చీకటి పడేలోగా ఇది రాకపోతే దాన్ని కొనేస్తానని ముందే చెప్పేశాడు. కొత్త గొట్టం మద్రాసు నుంచి రావాలని, ఎన్నాళ్లు పడుతుందో చెప్పలేమని తెనాలి మెకానిక్కులు చేతులెత్తేశారు. రేపల్లె పక్కనే పెనుమూడి రేవులో లాంచీలకు గొట్టాలు వంచే బర్నబాస్ అయితే ఒక్క పూటలో చేసి బిగిస్తాడని చెప్పిందీ వాళ్లే. అంత సాయం చేశారంటే వాళ్లకు ఇందులో వాటా ఉండే ఉంటుందనుకుంటూనే రామబ్రహ్మం బర్నబాస్ షెడ్డు ముందు కారు ఆపాడు. తెనాలిలో మినుముల టోకు వ్యాపారం అతనిది. ఇన్నేళ్లలో ఎవరి చేతా మోసపోలేదని పేరు.

ఇనుముకు తూకం మీద ధర, పనికి కూలి విడిగా అని మాట అయింది. బర్నబాస్ విప్పిన బోల్టులు ఎక్కడ మారిపోతాయోనని రామబ్రహ్మం ఒక్కొక్కటే అందుకుని జేబులో వేసుకున్నాడు. షెడ్డు పక్కనే టిఫిన్ బండి నడిపే బర్నబాస్ భార్య రిబ్కా ఇడ్లీ తెచ్చి ఇచ్చింది. తన చూపు మరల్చడానికేమోనని అతను ప్లేటు పట్టుకుని ఇంజను దగ్గరే నిలబడి తిన్నాడు.

బర్నబాస్ లావుపాటి తీగ ఒకటి తీసుకుని, టర్బో మూతి నుంచి సైలెన్సర్ దాకా అడ్డొచ్చినవన్నీ తప్పిస్తూ వంచి కొలత పట్టాడు. గొట్టాన్నీ అవే వంపుల్లోకి తేవాలన్నాడు. అంతవరకూ రామబ్రహ్మానికి తప్పేమీ కనిపించలేదు. తర్వాత బర్నబాస్ గొట్టం ఒక కొసకు చెక్కబిరడా కొట్టి, రెండో కొస నుంచి ఇసుక పోయడం మొదలుపెట్టాడు. పోసి, సుత్తితో తట్టి, మళ్లీ పోస్తున్నాడు.

రామబ్రహ్మం దగ్గరకు వచ్చాడు.

"తూకం ఎప్పుడు వేస్తావు?"

"పనయ్యాక వేద్దామండి."

"ఇసుకతో సహానా?"

బర్నబాస్ నవ్వాడు. ఉత్త గొట్టాన్ని కాల్చి వంచితే వంపు దగ్గర అణిగిపోతుందని, పొగకు దారి ఉండదని, లోపల ఇసుక దట్టిస్తే గుండ్రంగా నిలుస్తుందని, వంచాక అంతా దులిపేస్తానని చెప్పాడు.

"సరుకులో ఇసుక ఎందుకు పోస్తారో నాకు నువ్వు చెప్పాలా? తీసెయ్. ఉత్తగానే వంచు. పాడైతే నాదీ పూచీ."

బర్నబాస్ భార్య వైపు చూశాడు. ఆమె పెదవి విరిచింది. ఇసుక తీసేసి గొట్టాన్ని ఎర్రగా కాల్చి వంచారు. వంపు దగ్గర అది నమిలి పారేసిన చెరుకు ముక్కలా నొక్కుకుపోయింది.

ఆ సైజుది ఇంకొక్కటే ఉందని, అదీ పోతే గుంటూరు వెళ్లి తేవాలని బర్నబాస్ చెప్పాడు. ఎండ వాలుతోంది. రామబ్రహ్మం మెత్తబడ్డాడు గాని షరతులు పెట్టాడు. గొట్టం ముందే తూచాలి. ఇసుక డబ్బాతో కొలిచి పోయాలి. పోసినంతా తిరిగి రావాలి. అన్నిటికీ బర్నబాస్ సరేనన్నాడు.

రెండో గొట్టం కాటా ఎక్కి దిగింది, ఇసుక నింపుకుంది, కాలింది, ఎక్కడా నొక్కు పడకుండా తీగ చెప్పినట్టల్లా వంగింది. ఇసుకను గోనె మీద పోశారు. చివరి రేణువు రాలేదాకా గొట్టాన్ని రామబ్రహ్మమే తట్టాడు. చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపి చూశాడు. సన్నగా, పొడిగా ఉంది. పెనుమూడి ఏటి ఇసుకేనా అని అడిగాడు. ఏటి ఇసుకలో చెమ్మ ఉంటుందని, కాలిస్తే ఆవిరి పుట్టి గొట్టం పేలిపోతుందని, ఇది ఇంట్లో ఆరబెట్టుకున్నదని చెప్పి బర్నబాస్ వెల్డింగ్‌కు కూర్చున్నాడు.

గొట్టం కొసకు ఇనప పట్టీ అతికించి, టర్బో మూతికీ దానికీ మధ్య ప్యాకింగ్ పెట్టి, రామబ్రహ్మం లెక్కపెట్టి ఇచ్చిన బోల్టులతో బిగించాడు. కారు స్టార్టయింది. మొత్తుకోలు లేదు. అతుకు చుట్టూ అరచెయ్యి తిప్పి చూస్తే ఎక్కడా పొగ తగల్లేదు.

రామబ్రహ్మం లెక్క చూసుకున్నాడు. గొట్టం కుదిరింది, బేరం నిలిచింది, బాపట్ల చేరేంత వెలుతురు మిగిలింది. ఎక్కడా మోసం తేలలేదు. అదే అతనికి మింగుడు పడలేదు.

బర్నబాస్ రెండు గొట్టాల ఇనుము, తన కూలి కలిపి చెప్పాడు.

"ఇసుక ఖరీదు కూలిలో కలిపావా?"

"లేదండి."

"ఇంత మంచి ఇసుక ఊరికే ఎక్కడొస్తుందయ్యా? నిజం చెప్పు."

గోనె మీది ఇసుకను డబ్బాలోకి ఎత్తుతున్న రిబ్కా తల తిప్పింది.

"ఊరికే రాలేదండి బాబాయ్ గారూ. మా ఇడ్లీలకని మీ కొట్లో కొన్న బస్తాలు జల్లెడ పడితే వచ్చింది. మినుముల రేటే కట్టామండి."