రెండో పాట

కాలేజీ ఫంక్షన్లో రెండో పాట సగంలో చౌడేశ్వరి గొంతు సౌండు బాక్సుల్లో ఆగిపోయింది. ఆమె పాడడం మాత్రం ఆపలేదు. గిటారు వాయిస్తూ చివరిదాకా అరిచింది. అప్పటికే కాలేజీ పిల్లలు నవ్వుకుంటూ లేచి వెళ్లిపోయారు.

తనే రాసి, తనే బాణీ కట్టిన పంక్ రాక్ పాటలతో ఆరేళ్లుగా తిరుగుతోంది. సినిమా పాటలు పాడనందుకు కడపలోనూ, ఆత్మకూరులోనూ, ఇప్పుడు కర్నూల్లోనూ ఇదే మర్యాద.

స్టేజీ దిగి నేరుగా సౌండ్ సిస్టం ఆదెన్న దగ్గరికి వెళ్లింది. కడప నుంచి కర్నూలు దాకా ఏ ఫంక్షనైనా సౌండు ఆయనదే.

“ప్రతిసారీ నువ్వే ఆపుతాండావు. నీకు నేనేం జేసినానన్నా?”

“పెద్దోళ్లు ఆపమంటే బాక్సులు ఆపుతామ్మా. రికార్డింగు ఎప్పుడూ ఆపల్యా.”

ఆదెన్న సంచిలోంచి క్యాసెట్లు తీసి బల్ల మీద పేర్చాడు. అన్నింటి మీదా ఆమె పేరు, ఊరు, తేదీ ఉన్నాయి.

“ఇన్నేండ్లూ ఎందుకు చెప్పల్యా?”

“చెరిపేయమంటావేమోనని. ఇంటికాడ ఇనుకుంటా ఉంటా.”

ఆ రోజు పాడినదాని క్యాసెట్ పెట్టి ఆయన హెడ్‌ఫోన్ ఇచ్చాడు. తన పాటను మొదటినుంచి చివరిదాకా ఆమె వినడం అదే మొదలు. రెండో పాటలో ఒకచోట మొహం చిట్లించి, వెనక్కి తిప్పించి మళ్లీ వింది.

ఆరేళ్లుగా తప్పంతా ఎవరెవరిదో. ఇది మాత్రం అచ్చంగా తనది.

“ఈడ నేనే తాళం తప్పినా,” అంది గిటారు తగిలించుకుంటూ. “ఇంగో క్యాసెట్ పెట్టన్నా. మళ్లా పాడతా.”