ఎడ్డెమంటే తెడ్డెం

కోడిగ్నైటరా, జాంగోనా? నెలైనా పంచాయితీ తెగలేదు.

లంబాడీ మాటల నిఘంటువు వెబ్‌సైటు అది. ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా దాని కోడు తీసుకుని దిద్దొచ్చు. హరిచంద్, సుందర్ డిగ్రీ చదివే రోజుల్లో పోచారం చెరువు కట్ట మీద కూర్చుని మొదలుపెట్టుకున్న పని. ఇప్పుడు పాత సైటు ఫోన్లలో సరిగా తెరుచుకోవడం లేదు. కొత్తగా కట్టాలి. కోడిగ్నైటర్, జాంగో లాంటి ఫ్రేమ్‌వర్క్ అంటే ఇంటికి దూలాల్లాంటిది. ఒకసారి ఎత్తాక మార్చాలంటే ఇల్లు పీకడమే. అందుకే మొదట్నుంచీ ఒక కట్టుబాటు: పెద్ద పని ఏదైనా ఇద్దరూ ఊ అనాలి.

హరిచంద్ కోడిగ్నైటర్ అన్నాడు. చిన్న సర్వర్ మీదైనా నడుస్తుంది.

మెయిల్ గ్రూపులో సుందర్ జవాబు కనిపించింది. "హరిగా, నీ బండికి చక్రాలున్నయి, ఎడ్లు లేవు. జాంగోల మాటలు ఎక్కించే తెర తయారుగనే వస్తది. తండాల తుల్సవ్వ మనుమరాలు గూడ ఎక్కిస్తది. నీ దాంట్ల అది రాసే వరకు నీ గడ్డం నెరుస్తది."

"సర్వర్ కిరాయి మీ బాపు కడ్తడా?" అని హరిచంద్ రాశాడు.

"మా బాపు ముందుగాల నీకు బుద్ధి కొనిస్తనన్నడు."

ఇద్దరినీ మెయిళ్లలోనే తప్ప ఎదురుగా చూడని గ్రూపంతా నవ్వుకుంది. చిన్నప్పటి నుంచీ ఇద్దరిదీ అంతే. ఒకడు ఎడ్డెమంటే ఇంకొకడు తెడ్డెం. సుందర్ ఏమంటాడో హరిచంద్‌కి ముందే తెలుసు. అయినా ఆ జవాబు చదువుతుంటే నవ్వొచ్చేది. ఆ వెంటే తెర మీంచి చూపు తిప్పుకునేవాడు.

కామారెడ్డి బస్టాండు వెనక ఇంటర్నెట్ సెంటర్‌లో పక్క కుర్చీ అంజలిది. కొత్త సైటు పేజీల బొమ్మలు గీయడానికి ఈ మధ్యే చేరింది. ఆమె ఓపిక అయిపోయింది.

"అన్నా, నెలంత మీ లొల్లి చదువుడే అయింది. సుందరన్నుండే ఎల్లారెడ్డి ఎంత దూరం? బస్సెక్కి పోదాం పా. ఎదురుంగ కూసుంటే చాయ్ తాగేలోపు తెగుతది."

"పోయిన. క్రిస్మస్ నాడు సుత పోయిన. ఎంతసేపు కూసున్నా ఒక్క మాట పలుకలే."

"గంత పంతమా?"

"గంతనే."

"మరి నువ్వే ఒప్పుకోరాదు? ఆదివారంలోపు తెగకుంటే మిగిలినోళ్లు పోతమంటున్నరు. సైటు ఆగిపోతది. నిజం చెప్పు, జాంగోనే మంచిది గదా?"

"మంచిదే. మొదటి దినమే ఎర్క."

"మరెందుకు కొట్లాడుతున్నవ్?"

హరిచంద్ తెర వైపే చూశాడు. "తెగితే వానితోని ఇగ మాటలుండయి, అంజలీ."

అంజలి కుర్చీ వెనక్కి జరిపింది. చాయ్ తెస్తానని లేచింది.

సైటు ఆగిపోతే ఇద్దరూ చేసిందంతా మట్టిపాలే. హరిచంద్ పాత జవాబులన్నీ ఒకసారి పైకి జరిపి చూసుకున్నాడు. తర్వాత రాశాడు. "సుందరూ, నువ్వే గెలిచినవ్. జాంగోనే పెడదాం."

పంపాడు. ఇక సుందర్ ఊ అనడమే మిగిలింది.

అంజలి చాయ్ తీసుకుని వచ్చేలోపే హరిచంద్ తన ఖాతా మూసి, నిరుడు ఎల్లారెడ్డి సమాధుల తోటలో తాను చేత్తో మన్నేసి పూడ్చిన సుందర్ ఖాతాను ఎప్పట్లాగే తెరిచి, "ఊ" అని కొట్టాడు.