ఇల్యాస్ కోటు

"ఆగు అల్లుడూ, అక్కడే ఆగు! ఆ కోటుతో నా గడప దాటావంటే ఊరుకోను!"

జల్లెడ చేత్తో పట్టుకునే ఫాదిమే వాకిట్లోకి ఉరికింది. ఎస్కిషెహిర్ పట్నం బస్సు దిగి చలికి వణుకుతూ వచ్చిన ఇల్యాస్ ఠక్కున ఆగాడు. మూడు నెలల కొడుకుని చూసి ఇరవై రోజులైంది పాపం.

"ఉతికిన కోటే అత్తయ్యా!"

"ఉతికితే పోయే దుమ్మా అది? బండి బ్రేకుల్లో, ఇంటి రేకుల్లో ఉండే ఆస్‌బెస్టాస్‌ అట. ఊపిరితిత్తుల్లో దూరితే నలభై ఏళ్ళకైనా ప్రాణం తీస్తుందని డాక్టరమ్మ చెప్పింది. విప్పు!"

లోపల్నుంచి అతని భార్య సెల్వి నవ్వింది. "విప్పెయ్యి, అమ్మతో నువ్వు గెలవలేవు."

ఇల్యాస్ పనిచేసేది బ్రేకుల వర్క్‌షాపులో. ఆ దుమ్ము సంగతి తెలిసిన రోజే ఫాదిమే కూతుర్నీ మనవణ్ణీ ఊరికి లాక్కొచ్చేసింది. భయం ఉండదూ మరి! ఆమె మొగుడు యాభై రెండేళ్ళకే ఊపిరాడక, కూర్చున్నచోటే పోయాడు. మరిదీ అంతే. ఈమధ్య ఆమెకీ డొక్కలో పోటు. మనవడికి మాత్రం ఆ గతి పట్టకూడదు.

"గొర్రెలు కాసుకునే మామయ్యకి ఏ ఫ్యాక్టరీ దుమ్ము తగిలిందట?" ఇల్యాస్ దెప్పాడు.

"ఆయన్ని కొండగాలి తినేసింది. నోరుమూసుకుని లోపలికి రా, టీ చల్లారిపోతోంది."

మనవడొచ్చాడని ఫాదిమే గోడలకి కొండనుంచి తెచ్చిన తెల్లమట్టి పూసింది, ఇల్లంతా వెన్నెల కాసినట్టుంది. పిల్లాడు ఉయ్యాల్లో గోరువెచ్చని మట్టి పక్కమీద ఆదమరిచి నిద్రపోతున్నాడు. డైపర్లంటే ఆమెకి ఒళ్ళుమంట. వాటికి బదులు ఆ కొండమట్టినే మూడుసార్లు జల్లించి, పెనంమీద వెచ్చచేసి, తనే పరుస్తుంది. ఊళ్ళో అందరూ అలా పెరిగినవాళ్ళే.

"పందెం వేసుకుందాం," అంది అల్లుడితో. "కోటు పరీక్షకి పంపిస్తా. విషం ఉందో, ఆ పని మానెయ్యి. మాననంటే కొడుకుని మర్చిపో. లేదో, వీళ్ళిద్దర్నీ తీసుకుపో."

ఇల్యాస్ ముఖం పాలిపోయింది. ఆ పని పోతే ఇంకో పని దొరకదు. కొడుకు వంక చూసి తలూపాడు.

మర్నాడే ఫాదిమే కోటుని కవర్లో బిగించి ఆరోగ్యకేంద్రానికి మోసుకెళ్ళింది. డాక్టర్ బెర్రిన్ ఇస్తాంబుల్ పిల్ల, కొత్తగా వచ్చింది, ఏడోనెల గర్భిణి. ఫాదిమే ఆమె చేతిలో చిన్న మట్టిమూట కూడా పెట్టింది.

"ఇది పుట్టబోయే నీ బిడ్డకి, తల్లీ. నా చేత్తో జల్లించా. మీ పట్నం పౌడర్లు దీని కాలిగోటికి చాలవు."

బెర్రిన్ చిటికెడు తీసి వేళ్ళమధ్య నలిపింది. "అబ్బ, ఎంత మెత్తగా ఉంది పిన్నీ!"

తొమ్మిది రోజులు ఫాదిమేకి ముద్ద దిగలేదు. పదోరోజు ఇల్యాస్ కూడా ఇంట్లో ఉండగా బెర్రిన్ తనే వచ్చింది. ముక్కుకి మాస్కు కట్టుకుని, గడప అవతలే నిలబడిపోయింది.

"లోపలికి రా తల్లీ! కోటు సంగతేంటి?"

"కోటులో ఏం లేదు పిన్నీ. ఆ వర్క్‌షాపులో ఆ సరుకు మానేసి పదేళ్ళయిందట."

"హమ్మయ్య!" ఇల్యాస్ ఎగిరి గంతేశాడు. "ఓడిపోయారత్తయ్యా!"

ఫాదిమేకి ఓడినా ప్రాణం లేచొచ్చింది. బెర్రిన్ మాత్రం నవ్వలేదు.

"ముందు పిల్లాణ్ణి బయటికి తీసుకురండి. కోటుతోపాటు ఇంకోటి కూడా పరీక్షకి పంపాను."

"ఇంకేముంది పంపడానికి?"

"నా బిడ్డకని మీరిచ్చిన మట్టిమూట పిన్నీ, విషమంతా అందులోనే ఉంది."