సాయంత్రం నాలుగింటి గీతలు

"తలుపెందుకు తీశావు కనకక్కా?"

ఏంజెలిన్ గొంతు సొరంగమంతా మోగింది.

"నానెందుకు తీత్తానమ్మా? తియ్యొద్దన్నావు, తియ్యనేదు," అంది కనక, కొంగున కట్టిన తాళంచెవిని గుప్పిట పట్టుకుని.

డుంబ్రిగుడ దగ్గర కొండలోకి తవ్వి వదిలేసిన సొరంగం అది. చివరి గదిలో, సీసపు ఇటుకల మధ్య, ఒక బిస్మత్ ముక్క నలభై రెండు రోజులుగా కూర్చుని ఉంది. అందులోంచి ఎప్పుడో ఒకసారి ఒక ఆల్ఫా కణం బయటపడుతుంది. కణం పడ్డప్పుడల్లా యంత్రం ఒక గీత గీస్తుంది; కణం శక్తిని బట్టి గీత ఎత్తు. ఆ గీతల్ని లెక్కపెట్టడమే ఏంజెలిన్ పీహెచ్‌డీ. తలుపు తీస్తే రాతిలోంచి ఊరే రేడాన్ వాయువు లోపలికి చొరబడి, తన ఆల్ఫాలతో లెక్కంతా పాడుచేస్తుంది. అందుకే గదిని బిగించి, వడకట్టిన గాలి మాత్రమే పంపుతూ, కాపలాకి కింది ఊరి కనకను పెట్టారు.

"రోజూ సాయంత్రం నాలుగయ్యేసరికి గీతలు గుంపుగా పడుతున్నాయి. బిస్మత్ గడియారం చూసి విడిపోదక్కా. ఎవరో తలుపు తీస్తున్నారు. సార్‌తో చెప్పి నిన్ను మాన్పించక తప్పదు."

కనక మొహం కందిపోయింది. చటుక్కున ఏంజెలిన్ చేతిలోని గీతల కాగితం లాక్కుంది. చదివింది ఐదో తరగతే గాని, సంతలో తూకం దగ్గర ఆమె కంటిని మోసం చేసినవాడు లేడు.

"ఇక్కడేటి, గుంపు నేదు?"

"అది ఆదివారం."

"మరిక్కడ?"

"అదీ ఆదివారమే."

"ఆరాదివారాల్లోనూ నేదు. నాను ఆదివారం కూడా వత్తాను గదా! రోజూ వచ్చి ఆదివారం మానేసినోలు ఎవులో సూసుకో."

ఏంజెలిన్ ఆరు ఆదివారాలనూ వేలితో మళ్లీ లెక్కపెట్టింది. రెండో తాళంచెవి ఉన్నది ఒక్కరి దగ్గరే. ఆదివారం పొద్దున్నే అరకు చర్చికి వెళ్లి చీకటి పడ్డాక వచ్చేదీ ఆయనే.

ఏంజెలిన్ గైడు ప్రొఫెసర్ వరప్రసాదం బయట రేకుల షెడ్డులో ఉన్నారు. ఇద్దరి మొహాలూ, ఆ కాగితమూ చూడగానే లేచి నిలబడ్డారు.

"నేనేనమ్మా," అన్నారు అడక్కముందే. "కనక టీకి వెళ్లినప్పుడు తీసేవాణ్ణి, తన తప్పేం లేదు. ముందు ఒక పని చెయ్యి. ఆదివారాలు ఉంచేసి, మిగతా రోజుల్లో నాలుగు నుంచి, ఆ రేడాన్ పోయేదాకా, అంటే తెల్లారేదాకా ఉన్నదంతా తీసెయ్. ఏం మిగిలిందో చూడు."

ఏంజెలిన్ కోపంగానే లాప్‌టాప్ ముందు కూర్చుంది. గుంపులు ఒక్కొక్కటే మాయమయ్యాయి. ఖాళీ తెర మీద ఒంటరిగా ఒక గీత మిగిలింది. పక్కన ఇంకోటి. ఇన్నాళ్లూ ఆ రొదలో కలిసిపోయినవి.

"సార్! రేడాన్ ఎత్తు కాదు, బిస్మత్ ఎత్తే! మూడు... ఐదు... ఏడు సార్, ఏడు!"

ఒక్క దూకులో వెళ్లి కనకను వాటేసుకుంది. "తప్పయిపోయిందక్కా. అనవసరంగా నిన్ను అన్నాను."

"ఏడింటికేనా ఇంత సంబరం? మా సేలో పురుగులు అంతకన్నా ఎక్కువుంటాయి," అంటూనే కనక ఆమె నడుం చుట్టూ చెయ్యి వేసి థింసా అడుగులు వేయించింది. పక్క తోటలో కాఫీ పళ్లు కోస్తున్న ఆడవాళ్లు చూసి ఈలలు వేశారు. ఇద్దరు బుట్టలు దింపి వచ్చి వరసలో చేరారు కూడా.

అలుపొచ్చి ఆగాక ఏంజెలిన్ ఆయన వైపు తిరిగింది.

"తలుపు తియ్యకూడదని రూలు రాసింది మీరే కదా సార్. రోజూ లోపలికెళ్లి ఏం చేసేవారు?"

వరప్రసాదం కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచారు. చాలాసేపు తుడిచారు.

"ఒక్కటీ పడకపోతే నీ చదువేమైపోతుందోనని భయమేసిందమ్మా. అందుకే ఆ సీసపు ఇటుకల ముందు మోకాళ్లూని, 'ప్రభువా, ఈ పిల్లకి ఒక్క ఆల్ఫా అయినా ఇప్పించు' అని ప్రార్థన చేసుకునేవాణ్ణి."