పచ్చి కీర

"పచ్చి కీర తినిపిస్తున్నావా?" అని ధర్మపురి ఆస్పత్రిలో ఆంధ్రా నుంచి వచ్చిన డాక్టరు అడిగాడు.

"వారం దినాలుగా నేనే పెడుతుండాను సార్. చేపలు నిలిపేసినాను. మునగాకు, ముల్లంగాకు, అన్నీ పచ్చివే," అన్నాడు సీనప్ప. హొగేనక్కల్‌లో చేపలు వేయించి అమ్మే అతను, భార్య షుగరు కోసం తొలిసారి ఇంటి వంట పట్టాడు.

"కీరంటే దోసకాయయ్యా! తమిళం కీరై అనుకుని ఆకులు పెట్టావా?"

సీనప్ప భార్య వైపు తిరిగాడు. "మేక మాదిరి నమిలినావే, పంచవర్ణం! ఒక మాట చెప్పకూడదా?"

"ఊరికంతా చేపలు వేయించి పెడతావు. నాకు అన్నం తట్టలో వడ్డించింది ఇదే మొదలు. బాగలేదంటే మళ్ళా పెడతావా?"



"దోసకాయకు తొక్క తీసేదా?" అని సీనప్ప మెల్లగా భార్యనే అడిగాడు.

"తీయకపోయినా తింటాను," అంది పంచవర్ణం. "తట్ట మాత్రం నువ్వే పెట్టాల."