సైగల పాట

విహారికి సినిమావాళ్ల దానధర్మాలంటే ఒళ్లుమంట. బధిర పిల్లల బడి కోసం వాళ్లు తెచ్చిన వీడియో పాటల ఆల్బమ్‌ను ఫిల్మ్‌నగర్ టీకొట్టు ముందు నిలబడి దులిపేస్తున్నాడు.

"మొదటి వీడియోల హీరోలు గ్లిజరిన్ పెట్టుకొని ఏడ్చిండ్రు, సిగ్గులేకుండ. గీ రెండోది చూడు దీనా. అంతా పిల్లలే. పాటంత చేతులతోనే చెప్తుండ్రు. కళంటే గిది!"

పక్కనే టీ తాగుతున్న అతని స్నేహితురాలు దీనా ఫోన్ అందుకుంది. ఆమె తమ్ముడికి పుట్టుచెవుడు. ఇంట్లో అందరికీ సైగల భాష వచ్చు. వీడియో రెండుసార్లు చూసింది.

"వీళ్లు పాట చెప్పట్లేదు, విహారీ. ముందున్న పాప దాహమేస్తోందంటోంది. పక్కబాబు ఎండకి కళ్లు తిరుగుతున్నాయంటున్నాడు. వెనకమ్మాయి ఇంటికెప్పుడు పంపుతారని అడుగుతోంది."

దీనా తన ఫోన్ తీసి, వీడియో కింద కామెంట్‌లో ఆ మాటలన్నీ రాయసాగింది.

"ఆగు, రాయకు!" అన్నాడతను కంగారుగా. "మన సినిమా రివ్యూల పేజీల పొద్దుగాలనే నేను దీన్ని ఆకాశానికెత్తిన. నా ఇజ్జత్ ఏం గావాలె? అయినా గీ సైగలు ఎవరికి తెలుస్తయి?"

దీనా అతనికేసి ఏవగింపుగా చూసింది.

"ఆ పిల్లల తల్లులకి," అంటూ కామెంట్ పెట్టేసింది.