గుర్తుపట్టే కంప్యూటర్

“మౌస్ మీంచి చెయ్యి తియ్యండి,” అంది ఇనోంగె గుమ్మంలోంచే.

లిస్వానిసో ఉలిక్కిపడి చెయ్యి తీశాడు. మోంగు బాలికల స్కూలు లైబ్రరీకి ఇరవై ఆరేళ్ళుగా ఆయనే గుమాస్తా, ఆయనే కాపలా. ఇంకో రెండు నెలల్లో రిటైరవుతాడు.

ఆమె చెప్పుల్లో ఇసుక దులుపుకుని లోపలికొచ్చి తెర మీదికి వంగింది. బ్రౌజర్ సెట్టింగుల పేజీ తెరిచి ఉంది. కుకీలన్నీ తొలగించాలా అని అడుగుతోంది. కీబోర్డు పక్కన ఓ చీటీ. మంగళవారం పదో తరగతి కంప్యూటర్ పాఠంలో తను బోర్డు మీద రాసిన పద్ధతంతా అందులో వంకర అక్షరాల్లో ఎక్కించుకున్నాడు.

“ఓహో! తలుపు చాటునుంచి నా పాఠం విన్నారన్నమాట. మీకు చదువంటే ఇంత శ్రద్ధ అని తెలీదే!”

“ఇక్కడిదాకా చెయ్యగలిగానమ్మా. ఇది నొక్కితే పూర్తిగా పోతుందా?”

“ఏం పోవాలి మీకు?”

ఆయన చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఇనోంగెకి నవ్వొచ్చింది. ‘అన్నిటికీ ఒప్పుకుంటున్నాను’ అన్న బటన్ కనిపిస్తే చాలు, చదవకుండా నొక్కేసే మనిషి ఈయన. ప్రింటర్లో కాగితాలు అయిపోతే కంప్యూటర్ చచ్చిపోయిందని పరిగెత్తుకొచ్చిన మనిషి. ఈయనగారికి మళ్ళీ పందేలు కూడానా!

పోయిన శుక్రవారం తల్లిదండ్రుల మీటింగులో హెడ్‌మిస్ట్రెస్ ఇదే కంప్యూటర్ పెట్టి పరీక్ష ఫలితాలు గోడ మీద చూపిస్తోంది. ఉన్నట్టుండి ఆ పక్కనే బంతాట పందేల ప్రకటన వచ్చి గంతులేసింది. ‘ఈ రాత్రి మీదే!’ అని. తండ్రులు పకపకా నవ్వారు. తల్లులు నవ్వలేదు. ఎవరో ఈ కంప్యూటర్లో పందేలు ఆడుతుంటే తప్ప అలాంటివి వెంటపడవని, ఆ ఎవరో పట్టుకుంటానని ఇనోంగె అందరి ముందూ మాటిచ్చింది. పిల్లల్ని ఈ కంప్యూటర్ ముట్టనివ్వరు. గది తాళం ఈయన నడుముకే వేలాడుతుంది. ఇక పట్టుకునేదేముంది?

“మా ఆయన ఎప్పుడో చెప్పాడు, మీకు బంతాట పిచ్చి అని,” అంది.

“ఆయన చెప్పారా?” అన్నాడు లిస్వానిసో. కాసేపు ఆమె మొహంలోకే చూశాడు.

“సాయంత్రం పిల్లలతో నా క్లబ్బు అయ్యేదాకా రోజూ ఇక్కడే కూర్చుంటాడుగా, పేపరు చదువుకుంటూ. ఆయనకి కళ్ళు లేవనుకున్నారా?”

“కళ్ళున్నాయమ్మా.”

“మరి ఈ వయసులో ఇదేం బుద్ధి? మనవరాళ్ళ ఈడు పిల్లలు తిరిగే చోట!”

“తప్పు నాదే అని రాసుకోండి టీచరమ్మా. సంతకం పెడతాను. ఇది మాత్రం తుడిచెయ్యనివ్వండి.”

“భలేవారే! దొంగతనం ఒప్పుకుంటాడట, మూట మాత్రం ఏట్లో పడేస్తాడట!”

“మీరు చూడకపోతేనే మంచిది. పెద్దవాణ్ణి, చెబుతున్నాను.”

“పెద్దరికం పందేల దగ్గర గుర్తుకు రాలేదేం?”

మాటలు వినబడి హెడ్‌మిస్ట్రెస్ నసిలేలె పక్క గదిలోంచి వచ్చింది. లిస్వానిసో ఆ ఊరి మర్యాద ప్రకారం మోకాళ్ళు వంచి, అరచేతులు రెండూ మెల్లగా చరిచాడు. నేరం ఒప్పుకుంటున్నప్పుడు కూడా ఈ మర్యాదలకేం తక్కువ లేదు అనుకుంది ఇనోంగె.

“నేనేనమ్మా,” అన్నాడాయన. “ఈ గది నా బాధ్యత. ఇవాళే వెళ్ళిపొమ్మన్నా వెళ్ళిపోతాను.”

హెడ్‌మిస్ట్రెస్ కుర్చీలో కూలబడింది. “ఇరవై ఆరేళ్ళు నమ్మాను మిమ్మల్ని. వీడ్కోలు సభ మాట ఇక మర్చిపోండి. నెలాఖరుకి క్వార్టరు ఖాళీ చెయ్యండి. మంచి నడవడి కాగితం నేను రాయలేను.”

“సరేనమ్మా.”

ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇనోంగెకి అదీ నాటకంలాగే కనిపించింది. ఇవాళ ఏడ్చి, రేపు బజారులో చేపలు కొంటూ ‘ఆ టీచరమ్మ అన్యాయంగా వెళ్ళగొట్టించింది’ అని చెప్పుకుంటాడు. ఇలాంటివాళ్ళని ఎంతమందిని చూడలేదు!

“ఒప్పుకున్నాడుగా, వదిలెయ్ ఇనోంగె,” అంది హెడ్‌మిస్ట్రెస్. “తుడిచేసి తాళం వెయ్యి.”

“లేదు మేడం. రేపు మాట మారిస్తే? రుజువు మీ కళ్ళతో చూడండి.”

“వద్దమ్మా,” అంటూ లిస్వానిసో ముందుకొచ్చి తెరకి అడ్డంగా నిలబడ్డాడు. ఆ బక్కచిక్కిన మనిషి ఆమెకి ఎదురు నిలవడం అదే మొదటిసారి. “మీకు దణ్ణం పెడతాను. ఒక్క బటన్. నొక్కెయ్యండి.”

“చూశారా మేడం, ఎలా వణుకుతున్నాడో! జరగండి పక్కకి.”

మోచేత్తో ఆయన్ని తోసి కుర్చీ లాక్కుంది. కుకీల జాబితా కిందికి జరిపింది. వాతావరణం, వార్తలు, పాఠ్యపుస్తకాలు, వాటి మధ్య పందేల సైటు.

“ఇదిగో. ఈ సైటు తన గుర్తు ఒకటి ఈ కంప్యూటర్లో దాచుకుంది. ఆడినవాడు లాగౌట్ చెయ్యకుండా లేచిపోయాడు. అంత తెలివి ఉంటేగా! ఇప్పుడు తెరిస్తే పేరూ అడగదు, పాస్‌వర్డూ అడగదు. మనిషిని తనే గుర్తుపడుతుంది. కుకీ అబద్ధం చెప్పదు మేడం, మనుషులు చెప్పినట్టు.”

సైటు పేరు కొట్టి ఎంటర్ నొక్కింది. తెర ఒక్క క్షణం తెల్లబడింది. తర్వాత పచ్చటి మైదానం బొమ్మ, దాని మీద పెద్ద పెద్ద అక్షరాలు వచ్చాయి.

హెడ్‌మిస్ట్రెస్ కళ్ళద్దాలు సర్దుకుని పైకి చదివింది. “మళ్ళీ వచ్చినందుకు సంతోషం, లుబిందా!”

లిస్వానిసో కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

“లుబిందా ఎవరు?” అంది హెడ్‌మిస్ట్రెస్ ఇద్దరినీ మార్చి మార్చి చూస్తూ.



అది ఇనోంగె మొగుడి పేరు.